అనంతపురం ఆమె

కేశవ కాగితం మడత విప్పి "మా నాయన రాజు వేషం" అని పేరు చదివాడో లేదో, గ్రంథాలయం హాలులో కుర్చీలన్నీ ముందుకు జరిగాయి. ధర్మవరంలో ఆదివారం మధ్యాహ్నం, ఫ్యాను తిరగకపోయినా లేవకుండా కూర్చుని వినే మనుషులు ఈ హాలులో తప్ప ఇంకెక్కడా దొరకరు. వీళ్ళందర్నీ పోగేసింది లైబ్రేరియన్ సుజాత. "పాత ముచ్చట్లు" అని గుంపుకు పేరు పెట్టిందీ ఆమే. వచ్చినవాళ్ళు తమకిష్టమైన పాతకాలపు వినోదం మీద ఒక పేజీ రాసుకు రావాలి, చివర్లో నలుగురికీ పనికొచ్చే సలహా ఒకటి చెప్పాలి. అంతే నియమం. టెంటు సినిమాల మీద కళ్ళనీళ్ళు పెట్టించేలా రాసిన మనిషి ఆఖర్న బియ్యంలో పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పి కూర్చుంటాడు. రేడియో నాటకాల మీద రాసినామె మోకాళ్ళ నొప్పికి ఏ ఆకు కట్టాలో చెబుతుంది. రెండింటికీ ఏం సంబంధమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే సుజాత ఊరుకోదు కూడా.

సగం నియమమే పాటించేది ఈశ్వరమ్మ ఒక్కతే. అరవై దాటిన మనిషి, పట్టుచీరల అంగట్లో చీరలు మడతపెట్టే పని. సలహా అంటే చాలు, బీరువాలో చీరకు అప్పుడప్పుడూ మడత మార్చకపోతే అక్కడే జరీ విరుగుతుందనీ, నాఫ్తలిన్ ఉండలు చీరకు తగలనీయకూడదనీ తీరిగ్గా చెప్పేది. ఆ గొంతు విని, ఈమె రేడియోలో ఉండాల్సిన మనిషి అనేవాళ్ళు. వినోదం గురించి రాయమంటే మాత్రం నాకేం తెలుసు అని తప్పించుకునేది. నేతగాడు మార్కండేయ ప్రతి వారం ఏడిపించేవాడు, ఈశ్వరమ్మక్క పుట్టడమే చీర మడుచుకుంటూ పుట్టిందని. ఆమె నవ్వి ఊరుకునేది.

కేశవది బెళుగుప్ప. ధర్మవరంలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. శనక్కాయ పంట ఇల్లు చేరాక వాళ్ళ ఊళ్ళో రైతులంతా కలిసి నాటకం ఆడేవాళ్ళట. వాళ్ళ నాయన కదిరప్ప ఎద్దులకు మేత వేసి వచ్చి, హార్మోనియం మాస్టరు ముందు కూర్చుని నెలల తరబడి పద్యాలు నేర్చుకున్నాడట. ఆడవేషానికి మాత్రం అనంతపురం నుంచి ఒకామెను పిలిపించారు. ఆమె సాయంత్రం బస్సు దిగి, మొహానికి రంగు పూసుకుని, నేరుగా స్టేజీ ఎక్కింది. రాజు అడవికి పోతూ రాణి దగ్గర సెలవు తీసుకునే చోట ఆమెకు మాట పెగల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అటు తిరిగి ఏడుస్తూ నిలబడిపోయింది. జనం ఈలలు వేశారు. అప్పుడు కదిరప్ప తొణకకుండా ఒకదాని వెంట ఒకటి పద్యాలు ఎత్తుకుని నాటకాన్ని గట్టెక్కించాడు. జనంలో కూర్చున్న పిల్లాణ్ణి, ఆ రాజు మా నాయనే అని అరిచానని చదివేటప్పుడు, యాభై ఏళ్ళ కేశవ మళ్ళీ ఆ పిల్లాడే అయ్యాడు. హాలులో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

"ఇంగ సలహా," అంటూ నవ్వాడు కేశవ. "పనికి బయట మనిషిని పిలిచేటప్పుడు ఆ పని వచ్చునో రాదో ముందే అడుక్కోండప్పా. మొగానికి పౌడరుంటే సరిపోదు."

అందరూ నవ్వారు. ఈశ్వరమ్మ నవ్వలేదు. ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడిన మనిషి ఆమే. మాట మర్చిపోయిన మనిషి మాత్రం ఆమె కాదు.

గుంపు తరఫున వేస్తున్న మొదటి పుస్తకం శుక్రవారం అచ్చుకు పోతోందనీ, అందులో కేశవ రాసిందే ముందు పెడతాననీ సుజాత సంబరంగా చెప్పింది. తర్వాత ఈశ్వరమ్మను సలహా చెప్పమంది. తలనొప్పిగా ఉందని చెప్పి ఈశ్వరమ్మ సంచి తీసుకుని లేచి వచ్చేసింది.

మరునాడు అంగట్లో ఆమె చేతులు పనిచేస్తున్నాయే గానీ మనసు అక్కడ లేదు. మగ్గం మీంచి వచ్చిన చీరను చాప మీద పరిచి, అంచుకు అంచు కలిపి, అరచేత్తో దువ్వినట్టు గాలి తీసేసి, పల్లూ దగ్గర పల్చటి కాగితం పెట్టి మడవాలి. కళ్ళు మూసుకుని చేసే పని అది. అలాంటిది ఆ పొద్దు జరీ లోపలికి పోవాల్సిన చీరను తిరగేసి మడిచింది. యజమానురాలు సునంద చూసి, ఏంది ఈశ్వరమ్మా ఒంట్లో బాగలేదా అని అడిగింది. బాగానే ఉందని చెప్పి ఈశ్వరమ్మ దాన్ని విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

సునంద మంచి మనిషి. కోమట్ల ఇంటి కోడలు, అంగడి ఆమె చేతి మీదే నడుస్తుంది. పెద్ద బేరాలొచ్చిన పెళ్ళిళ్ళకు పెళ్ళికూతురికి చీర కట్టించడానికి ఈశ్వరమ్మనే పంపుతుంది. మా ఈశ్వరమ్మ చేతులు చల్లనివి అని పదిమందిలో చెబుతుంది. కేశవ చదివినదాన్ని సుజాత ఫోనులో రికార్డు చేసి వాట్సాప్ గుంపులో పెట్టిందేమో, అది ఈ చేతా ఆ చేతా పడి సునంద దాకా వచ్చింది. ఆమె గల్లాపెట్టె దగ్గర కూర్చుని విని పడీపడీ నవ్వింది. డ్రామాలాడే ఆడవాళ్ళకు మాటలతో ఏం పని, రంగేసుకుని నిలబడితే చాలు గదా అని ఎవరితోనో అంది. ఆ మాటలో విషం లేదు. అందరూ అనే మాటే అనింది.

ఈశ్వరమ్మకు కోపం వచ్చింది. సునంద మీద కాదు, కేశవ మీద కూడా పూర్తిగా కాదు. ఇన్నేళ్ళూ నోరు కట్టుకుని కూర్చున్నందుకు తన మీద తనకే వచ్చింది. నాటకాలామె అని తెలిసి ఒకప్పుడు ఒక ఇంటివాళ్ళు గది ఖాళీ చెయ్యమన్నారు. అప్పట్నుంచీ ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తితే రేపు సునంద పెళ్ళిళ్ళకు పంపుతుందో లేదో చెప్పలేం. ఎత్తకపోతే పని రాని మనిషి అన్న మాట అచ్చుకెక్కి, పుస్తకమై, గ్రంథాలయం బీరువాలో ఉండిపోతుంది. చేతిలో చీర మడత ముగించి, దానికి దారం కట్టి, కాసేపు బయటికి పోయి వస్తానని సునందతో చెప్పి లేచింది.

కేశవ అంగడి రైలుగేటు అవతల. కాలిపోయిన మోటార్లు గుమ్మం బయట దాకా పేర్చి ఉన్నాయి. ఎండలు ముదిరి బోర్లలో నీళ్ళు దిగిపోయాయి, ఒట్టి గాలికి తిరిగి మోటార్లు కాలుతున్నాయి, కేశవకు తినడానికి కూడా తీరిక లేదు. ఒళ్ళో ఇనుప చట్రం పెట్టుకుని రాగి తీగ చుడుతూనే, రాక్కా రా, కూచో, అని స్టూలు చూపించాడు. తలనొప్పి తగ్గిందా అని కూడా అడిగాడు. మంచివాడే, అదే కష్టం.

ఈశ్వరమ్మ కూర్చోలేదు.

"ఆ పొద్దు మాట మర్చిపోయింది మీ నాయన, కేశవా. ఆ ఆడమనిషి గాదు."

కేశవ తల ఎత్తకుండానే నవ్వాడు. "నీకెట్ల తెలుసక్కా? నువ్వేమన్నా ఆడుంటివా?"

"స్టేజీ మీదనే ఉంటి. రాణి నేనే."

తీగ ఆగిపోయింది. ఎన్ని చుట్లు చుట్టాడో లెక్క పోయింది. కేశవ ఆమె మొహంలోకి చూశాడు, రంగు పూస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నట్టు. ఈశ్వరమ్మ ఇంక ఆపకుండా చెప్పేసింది. ఊరి నాటకాల్లో రాజులంతా రైతులే. నెలల తరబడి నేర్చుకుంటారు గానీ, జనాన్ని చూడగానే గుండె జారుతుంది. తెర పక్కన పుస్తకం పట్టుకున్న మనిషి అందించే మాట ఆ గోలలో వినపడదు. అందుకని ఆ పనిలో ఉండే ఆడవాళ్ళు తమ పద్యాలతో పాటు రాజు పద్యాలు కూడా నేర్చుకుని పెట్టుకునేవాళ్ళు. మైకు స్టేజీకి నడుమ వేలాడుతుంటుంది. దానికి వీపు పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే మాట మైకులో పడదు, చూసేవాళ్ళకు ఏడుస్తున్నట్టే ఉంటుంది. ఆ కొంగు చాటు నుంచి ఒక్కో పద్యానికీ మొదటి మాట అందించాలి. మొదటి మాట పడితే చాలు, మిగతాది వాళ్ళే అందుకుంటారు. కదిరప్పకు ఆ ఘట్టంలో ఒక్కటి కూడా గుర్తు రాలేదు. అన్నీ ఆమే అందించింది.

"సెలవు ఘట్టంలో నాదీ ఒక పద్యం ఉన్నె. అది ఎత్తుకుంటే మీ నాయన మళ్ళీ దారి తప్పుతాడని మింగేస్తి," అంది. "అయినాంక మీ పక్క ఊర్లోళ్ళు నన్ను పిలిచేది మానేసిరి. మాటలు రాని మనిషి అని పేరు పడె."

కేశవ మొహం ఎర్రబడింది. "అయితే నేను రాసింది అబద్ధమా?"

"నువ్వు చూసిందే రాసినావు. జనంలో కూచుంటే అట్లనే కనపడతాది. అట్ల కనపడేటట్టు చెయ్యడమే నా పని."

 వాళ్ళ నాయన గురించి కేశవ గర్వంగా దాచుకున్నది ఆ రాత్రి ఒక్కటే. తర్వాత కదిరప్ప వరసగా కరువుల్లో నలిగిన మామూలు రైతే, ఇంకే వేషమూ కట్టలేదు. ఆ ఒక్కటీ లాక్కుంటే ఏం మిగులుతుందని కేశవ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈశ్వరమ్మ అది చూసింది, చూసి కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

"మా నాయన ఇంకా ఉండాడక్కా," అన్నాడు చివరికి. "కండ్లు మందగించినాయి గానీ తెలివి అట్లే ఉండాది. పోదాం. ఆయన్నే అడుగుదాం. ఆయన కాదంటే ఏం చేస్తావు?"

"కాదంటే నీ పేజీ అట్లే అచ్చెయ్యి. నేను మళ్ళా నోరెత్తను."

అంతదాకా ఈ సంగతి సునందకు గానీ గుంపులో వాళ్ళకు గానీ చెప్పొద్దని అడిగింది. కేశవ సరేనన్నాడు. పుస్తకం అచ్చుకు పోయే ముందు రోజే ఇద్దరూ బయలుదేరారు.

అనంతపురంలో బస్సు మారారు. ఊరు దాటాక దున్ని పెట్టిన ఎర్ర చేలు, వాటి మీద తిరుగుతున్న గాలిమరలు తప్ప కంటికి పచ్చనిదేదీ ఆనలేదు. ఒకప్పుడు ఈ దారిలో ఆమె ఒళ్ళో రేకుపెట్టె పెట్టుకుని వచ్చేది. అందులో గాజుపూసల నగలు, రంగుల డబ్బాలు, పాత పట్టుచీర ఒకటి ఉండేవి. ఏ ఊరో, ఏ రాజో, బస్సు దిగేదాకా తెలిసేది కాదు. దిగగానే ఆడవాళ్ళు చుట్టూ మూగి చేతులు పట్టుకుని చూసేవాళ్ళు. ఎవరింట్లోనో అంత సంగటి ముద్ద, నంజుకోవడానికి శనక్కాయల ఊరిబిండి పెట్టేవాళ్ళు. తెల్లారి మొదటి బస్సుకు నిద్రకళ్ళతో ఎక్కితే ఎవరో ఒక పిల్ల వచ్చి కిటికీలోంచి నిమ్మపండు అందించేది. అబ్బా, ఎంత బాగుండేవి ఆ రోజులు అనిపించింది ఆమెకు. అవమానాలు లేవా అంటే ఉన్నాయి. అయినా బాగుండేవి. బెళుగుప్పలో బస్సు దిగి కేశవ ముందు నడిచాడు.

కదిరప్ప పంచలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. ఎనభై దాటిన మనిషి. వాన ఎప్పుడు పడుతుందో తెలియకపోయినా విత్తనం సిద్ధంగా ఉండాలి గదా. కాయను వేళ్ళ మధ్య నొక్కి పగలగొట్టి, పప్పును తడిమి, నలిగినదాన్ని ఒక పక్కకూ గట్టిదాన్ని చేటలోకీ వేస్తున్నాడు. చూపు సరిగ్గా ఆనకపోయినా వేళ్ళు తప్పు చెయ్యడం లేదు. కేశవ వచ్చాడని గొంతుతో పోల్చుకుని, ఎవరప్పా కూడా ఉండేది అని అడిగాడు. ధర్మవరంలో మా గుంపులో ఆమె అని చెప్పాడు కేశవ. కూచోమ్మా అని చాప చూపించి ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. ఈశ్వరమ్మ కూర్చుని, ఊరికే ఉండలేక నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంది.

కేశవ కాసేపు వాన సంగతులు మాట్లాడాడు. తర్వాత, ధైర్యం చేసుకుని అడిగాడు.

"నాయనా, నువ్వు రాజు వేషం కట్టినప్పుడు రాణి వేషానికొచ్చినామె మాటలు మర్చిపోయె గదా?"

ఆ అడగడంలోనే జవాబు ఎటు రావాలని ఉందో తెలిసిపోతోంది. ఈశ్వరమ్మ చేతిలో కాయ పగలలేదు. ఇంత దూరం ఎందుకొచ్చాను, ముసలాయన ఊఁ అంటే ఏ మొహంతో బస్సెక్కుతాను అని భయపడింది.

"ఎవురు చెప్పిరి?" అన్నాడు కదిరప్ప.

"అందరూ అదే అంటిరి గదా."

"అందరూ అనింటారు. నువ్వు ఊరంతా చెప్పుకుంటా తిరిగితివి. మర్చిపోయింది నేనురా. జనాన్ని చూస్తానే ఒక్క ముక్క గుర్తు రాకపాయ. ఆ అనంతపురం ఆమె అందియ్యకుంటే స్టేజీ దూకి పరిగెత్తిందును."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగితివి? మీ అమ్మకు ఆ పొద్దే చెప్తి. ఊర్లో అందరూ వచ్చి భుజం తడతాంటే నాకూ బాగనే ఉన్నె. ఊరుకుంటి." ఆయన చేటలో పప్పు దగ్గరికి లాగుతూ మాట్లాడాడు, పెద్ద విషయం చెబుతున్నట్టుగా కాదు. "పాపం, ఆమెదొక పద్యం పోయె. నాది కాపాడబోయి ఆమెది ఇడిసిపెట్టె. అది మంచి పద్యం. మాస్టరు మాకు నేర్పేటప్పుడు పాడి వినిపించినాడు. నాకు నా పద్యాల మీదికన్నా దాని మీదనే ధ్యాస. ఆమె ఎత్తుకుంటాదని చూస్తాంటి, ఎత్తుకోలేదు."

ఈశ్వరమ్మ కాదనిపించుకోవడానికి సిద్ధపడి వచ్చింది, పోట్లాడటానికి కూడా సిద్ధపడింది. ఆ పద్యం పోయిందని లోకంలో ఇంకొక మనిషికి తెలుసన్న సంగతికి మాత్రం సిద్ధంగా లేదు. ఇన్నేళ్ళూ అది తన ఒక్కదాని నష్టమే అనుకుంది. చేతిలో కాయలు జారి చాప మీద పడ్డాయి. ఏడ్చింది, ఈసారి నిజంగానే ఏడ్చింది, కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.

"ఆమె పేరేంది నాయనా?" అని కేశవ మెల్లగా అడిగాడు.

"పేరు యాడ తెలుసు? కరపత్రంలో మా అందరి పేర్లూ ఏసిరి. ఆమెకు అనంతపురం నటీమణి అని ఏసిరి. మేమూ అనంతపురం ఆమె, అనంతపురం ఆమె అనుకుంటిమి. అడిగి ఉండల్ల."

కేశవ ఇంక అక్కడ కూర్చోలేకపోయాడు. వాకిట్లోకి పోయి సుజాతకు ఫోను చేశాడు. తన పేజీ ఆపమన్నాడు, రాత్రికల్లా వేరేది పంపుతానన్నాడు. అవతల ఆమె ఏదో గట్టిగానే మాట్లాడుతోంది. అతను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, గుమ్మంలోంచి ఈశ్వరమ్మను చూసి, నీ పేరు రాసేదా అక్కా, వద్దంటే రాయను, మీ అంగడోళ్ళు చూస్తారు గదా అన్నాడు. ఈశ్వరమ్మ ఏడుస్తూనే చాప మీది కాయలు ఏరసాగింది. సునంద మొహం గుర్తొచ్చింది. అతను సుజాతతో తర్వాత చెబుతానని పెట్టేసి లోపలికి వచ్చి, తండ్రి పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఈమే నాయనా. ఆ పొద్దు వచ్చింది ఈమే."

కదిరప్ప చేతులు ఆగిపోయాయి. చేట పక్కకు జరిపి, అరచేతులు పంచెకు తుడుచుకుని, ఆమె ఏడుపు వినపడుతున్న వైపు తిరిగాడు. 

"ఆ పద్యం ఇప్పుడు వస్తాదామ్మా?"

"గొంతు పోయిందన్నా."

"నా చెవులు గూడా పోయినాయిలే. పాడు."

కేశవ ఫక్కున నవ్వాడు, ఏడుస్తున్న ఈశ్వరమ్మ కూడా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మఠం వేసుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. హార్మోనియం లేదు, తాళం లేదు. మొదట సన్నగా ఎత్తుకుంది. అడవికి పోయే మగనితో రాణి చెప్పే మాటలు. నీ వెంట రానిస్తే చాలు, రాజ్యం ఎవరికి కావాలని అడుగుతుంది. రెండో పాదం దగ్గర గొంతు బొంగురుపోయింది. ఆగి, ఊపిరి తీసుకుని, ఒక మెట్టు దించి మళ్ళీ అక్కడి నుంచే అందుకుంది. నాలుగో పాదానికి పాత రాగం దొరికింది. చివరి మాట పట్టుకుని ఆమె లాగిన లాగుడుకు, వీధిలో పోయేవాళ్ళు నిలబడ్డారు. కదిరప్ప తల వంచుకుని వింటున్నాడు. ఆయన పెదాలు ఆమెతో పాటే కదులుతున్నాయి.

పక్కింటి రత్నమ్మ గోడ పట్టుకుని తొంగి చూసింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఎవరు కదిరప్పన్నా పాడింది, ఎవరీమె అని అడిగింది రత్నమ్మ.

కేశవ గబుక్కున అందుకున్నాడు. "మాకు బంధువులామె పిన్నీ. ధర్మవరం."

అతను ఆమెను కాపాడాలనే అన్నాడు. ఈశ్వరమ్మకు అది అర్థమైంది కూడా. ఆ ఒక్క మాట పట్టుకుని లేచి, నీళ్ళు తాగి, బస్సెక్కి పోతే ఎవరికీ ఏమీ తెలియదు. రేపు మళ్ళీ చీరలు మడుచుకోవచ్చు. ఆమె గోడ వైపు తిరిగింది.

"బంధువును గాదమ్మా. నాటకాలామెను," అంది. "ముందొకసారి మీ ఊరికొచ్చి రాణి వేషం కట్టినాను. పుస్తకంలో గూడా రాస్తాడు కేశవ. అప్పట్లో నా పేరు ఈశ్వరి."

రత్నమ్మ ఆమెను కిందా మీదా చూసి, ఇంకొకటి వస్తుందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గోడ చుట్టూ తిరిగి లోపలికి వచ్చి కూర్చుంది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే వచ్చారు. కదిరప్ప వాళ్ళను పట్టించుకోలేదు. ఆ పేరును లోపల ఒకసారి అనుకుంటున్నట్టు ఆగాడు. ఆ రాత్రి స్టేజీ మీద ఆయన రాణి పేరుతోనే పిలిచాడు, దిగాక పిలవనే లేదు.

"ఈశ్వరీ," అన్నాడు.

"ఆఁ, చెప్పన్నా," అని పలికింది ఆమె.